ఒక టర్బోనా, రెండా: పొన్నూరు రోడ్డు మీద నుంచి ఒక సమీక్ష

గుంటూరు నుంచి బాపట్ల దాకా రోడ్డు సుమారు యాభై కిలోమీటర్లు. నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, అప్పికట్ల. ఎక్కడా ఘాట్ లేదు, చెప్పుకోదగ్గ ఎగుడూ లేదు. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పరుచుకున్న డెల్టా నేల. ఈ దారిలో ఎంత ఖరీదైన కారు నడిపినా చేసే పని ఒక్కటే. ధాన్యం ట్రాక్టరు వెనకో కోత మిషను వెనకో గంటకు నలభైలో పడి ఉండాలి, ఎదురుగా రోడ్డు ఖాళీ అయిన నాలుగైదు సెకన్లలో ఎనభై, తొంభైకి ఎగబాకి దాటెయ్యాలి. అంటే ఇంజన్ 1,800 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య ఎలా లాగుతుందన్నదే ఇక్కడ పర్ఫార్మెన్స్. 6,500 దగ్గర ఎంత హార్స్‌పవర్ ఇస్తుందన్నది బ్రోషరులో చదువుకోవడానికి బాగుంటుంది.

"సింగిల్ టర్బో మంచిదా, ట్విన్ టర్బోనా?" అని అడిగే కుర్రాళ్ళు ఇప్పుడు తెనాలిలోనూ రేపల్లెలోనూ ఉన్నారు. రెండు అనగానే రెట్టింపు అనుకోవడం సహజం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కీ, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న ఇంజన్‌కీ ఒక మంచి టర్బో చాలు. సిలిండర్లు రెండు వరుసలుగా చీలిన వీ-6, వీ-8 ఇంజన్లకు రెండు పెట్టడం సౌకర్యం. టర్బోల లెక్క చూసి డబ్బు పెట్టడం మాత్రం దండగ. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవీ చూద్దాం.

టర్బో చేసే పని అందరికీ తెలిసిందే. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఓడలూ విమానాలూ దాటి కార్లలోకి వచ్చేసరికి 1962 అయింది. ఆ ఏడాది జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వెయిర్ అనే రెండు టర్బో కార్లు తెచ్చింది. అప్పటి నుంచీ వెంటాడుతున్న చిక్కు ల్యాగ్. యాక్సిలరేటర్ తొక్కాక చక్రం వేగం అందుకునేదాకా బండి లాగదు. చక్రం చిన్నదైతే తొందరగా లేస్తుంది, కానీ పై ఆర్‌పీఎంలో ఊపిరి అందదు. పెద్దదైతే పైన బాగా ఊదుతుంది, కింద నిద్రపోతుంది. ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి పెడితే రెండూ కలిసొస్తాయి కదా అన్నదే ట్విన్ టర్బో వెనక ఉన్న ఆశ.

ఆ ఆశ ఎంతవరకు నిజమో పెన్సిలుతో వేసి చూడొచ్చు. ఒక పెద్ద టర్బో పంపేంత గాలిని రెండు చిన్నవి కలిసి పంపాలంటే ఒక్కో చక్రం వ్యాసం పెద్దదానిలో సుమారు 71 శాతం ఉండాలి. జడత్వ భ్రామకం వ్యాసానికి అయిదో ఘాతంతో మారుతుంది కాబట్టి ఒక్కో చిన్న చక్రానికి అది 18 శాతానికి పడిపోతుంది. రెండూ కలిపినా 35 శాతమే. ట్విన్ టర్బో అభిమానులు ఇక్కడితో లెక్క ఆపేస్తారు. చిన్న చక్రం అదే ఒత్తిడి పుట్టించాలంటే దాని అంచు పెద్దదాని అంచుతో సమానమైన వేగం అందుకోవాలి, అంటే 1.4 రెట్లు ఎక్కువ ఆర్‌పీఎంలో తిరగాలి. గతిశక్తి ఆ వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ రెట్టింపు కలిపితే 35 కాస్తా 71 అవుతుంది. అనుకున్న 65 శాతం ఆదా 29కి వచ్చి ఆగింది. అది కూడా కాగితం మీదే. చక్రం రెక్కలకీ గూడుకీ మధ్య ఉండే సందు చక్రంతో పాటు అదే నిష్పత్తిలో తగ్గదు, కాబట్టి చిన్న టర్బోలో ఆ సందులోంచి పోయే నష్టం ఎక్కువ. బేరింగులు రెండు జతలు, రాపిడీ రెండు చోట్ల. వేడి గూళ్ళు రెండు, వేడి బయటికి పోయే ఉపరితలమూ ఎక్కువే. ఇవన్నీ తీసేశాక మిగిలేది కొద్దిపాటి లాభం. దానికోసం రెండు ఆయిల్ పైపులు, రెండు రిటర్న్ పైపులు, రెట్టింపు గాస్కెట్లు మొయ్యాలి.

అయినా కంపెనీలు రెండు ఎందుకు పెడతాయంటే, చాలాసార్లు ఇంజన్ ఆకారం వల్ల. దీనికి రెనో కథ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. 1977లో ఆ కంపెనీ ఫార్ములా వన్‌లోకి 1.5 లీటర్ల టర్బో వీ-6 ఇంజన్‌తో దిగింది. ఒకే పెద్ద టర్బో. మూలమలుపు దాటాక డ్రైవరు తొక్కితే శక్తి తీరిగ్గా, ఒక్కసారిగా వచ్చేది. ఇంజన్ మాటిమాటికీ పేలి తెల్లటి పొగ చిమ్మేది కాబట్టి ఆ కారును 'పచ్చ టీ కెటిల్' అని వెక్కిరించారు. 1979లో వాళ్ళు చేసిన ముఖ్యమైన మార్పు ఆ ఒక్కదాన్ని తీసేసి, వీ-6లో ఒక్కో వైపు మూడు సిలిండర్లకు ఒక్కో చిన్న టర్బో చొప్పున పెట్టడం. ఆ ఏడాది జులై 1న డిజోన్‌లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి గెలిచింది. ఫార్ములా వన్‌లో టర్బో కారుకు అదే మొదటి గెలుపు, నడిపినవాడు జాన్-పియెర్ జబూయ్. రెండు టర్బోల ఘనతకు దీన్ని సాక్ష్యంగా చూపిస్తారు. నిజమే, కాకపోతే ఆ ఇంజన్ వీ ఆకారంలో ఉంది. రెండు వైపుల పొగనూ పొడుగాటి పైపుల్లో తిప్పి ఒక చోటికి చేర్చేలోగా దాని వేడీ ఊపూ పోతాయి. ఎక్కడి పొగకు అక్కడే చక్రం పెడితే ఆ నష్టం తప్పుతుంది. ఆ గెలుపులో చిన్న చక్రాల వాటా ఎంతో, పొట్టి పైపుల వాటా అంతే ఉందని నా లెక్క.

ఇలా రెండూ సమానంగా, ఒక్కోటి సగం సిలిండర్ల పొగతో ఎప్పుడూ కలిసి పనిచేసే ఏర్పాటును ప్యారలల్ అంటారు. నిసాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 ఇంజన్ ఇలాంటిది. రెండో రకం సీక్వెన్షియల్. కింది ఆర్‌పీఎంలో ఒకటే తిరుగుతుంది, వేగం పెరిగాక రెండోది కలుస్తుంది. కాలువలో నీరు తక్కువున్నప్పుడు ఒక తూము మూసి, నిండుగా వచ్చినప్పుడు రెండూ తెరిచినట్టు. పోర్షా 959తో 1980ల్లో పేరు తెచ్చుకుని, 1990ల జపాన్ కార్లు మాజ్డా ఆర్‌ఎక్స్-7, టయోటా సుప్రాలతో ఈ పద్ధతి శిఖరానికి చేరింది. ఆలోచన చక్కనిది, నడవడమే గండం. ఆర్‌ఎక్స్-7లో ఆ తలుపులు తెరిచి మూసే వ్యాక్యూమ్ గొట్టాల చిక్కుముడిని ఎలుక గూడు అని పిలిచేవాళ్ళు. వేడికి ఒక్క గొట్టం గట్టిపడి చీలినా రెండో టర్బో సమయానికి కలవదు. సుబారు లెగసీలో ఒకదాని నుంచి రెండుకు మారే చోట లాగుడు జారిపోయి ఒక లోయ ఏర్పడేది, ఆ కారు వాడినవాళ్ళందరికీ అది పరిచయమే. సుప్రా 2జేజెడ్ ఇంజన్‌ను ప్రపంచమంతా ట్యూనింగ్ దేవతగా కొలుస్తుంది కదా, ఆ భక్తులు మొదట చేసే పని కంపెనీ ఇచ్చిన రెండు టర్బోలనూ పీకి ఒక పెద్దది బిగించడం.

మూడో రకం టూ-స్టేజ్, డీజిల్ వాళ్ళది. చిన్నదీ పెద్దదీ ఒకదాని తర్వాత ఒకటి వరుసలో ఉంటాయి. బరువైన ఎస్‌యూవీలకు ఇది బాగా పనికొస్తుంది. మన దేశంలోనే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు కూడా. 2020 అక్టోబరులో వచ్చిన ఎంజీ గ్లోస్టర్‌లో అదే 2 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను ఒక టర్బోతోనూ రెండు టర్బోలతోనూ అమ్మారు. ఒక టర్బో బండికి సుమారు 160 హార్స్‌పవర్, 375 న్యూటన్ మీటర్ల టార్క్. రెండున్న దానికి దాదాపు 215 హార్స్‌పవర్, 480 న్యూటన్ మీటర్లు. ఈ తేడా పెద్దది, ఇక్కడ రెండో టర్బో తన తిండి తాను సంపాదించుకుంది. రెండు టన్నులు దాటిన ఎస్‌యూవీని స్పోర్ట్స్ కారు అనలేం గనక దీన్ని మినహాయింపుగానే ఉంచుతున్నాను.

ఇక వరుస ఆరు సిలిండర్ల సంగతి. 2006లో బీఎండబ్ల్యూ తన 3 లీటర్ల ఎన్54 ఇంజన్‌కు రెండు చిన్న టర్బోలు పెట్టింది. 306 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు. అందరూ మెచ్చుకున్న ఇంజన్. మూడేళ్ళకే, 2009లో, దాని స్థానంలో ఎన్55 వచ్చింది. టర్బో ఒక్కటే. హార్స్‌పవర్ అదే 306, టార్క్ అదే 400, అదీ 1,200 ఆర్‌పీఎం నుంచే. రెండోది తీసేస్తే ఏమీ పోకపోవడానికి కారణం ట్విన్ స్క్రోల్.

దీని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, అసలు జవాబు ఇక్కడే ఉంది. నాలుగు సిలిండర్లు 1-3-4-2 క్రమంలో మండుతాయి. ఒకటో సిలిండరు పొగను ఖాళీ చేసే చివరి ఘడియల్లో మూడోది తన వాల్వు తెరుస్తుంది. ఆ తాజా పొగ తాకిడి ఒకటో సిలిండరులోకే ఎదురు తంతుంది. పొగ పూర్తిగా పోదు, కొత్త గాలికి చోటు తగ్గుతుంది, టర్బోకు అందాల్సిన ఊపూ చెదిరిపోతుంది. దీనికి మందు 1, 4 సిలిండర్లను ఒక పైపులోకి, 2, 3ను ఇంకో పైపులోకి కలిపి, టర్బో గూడులోనే మధ్యలో గోడ కట్టి రెండు దారుల్లో చక్రం దాకా తేవడం. వరుస ఆరులో మొదటి మూడూ ఒక జట్టు, చివరి మూడూ ఇంకో జట్టు. ఒక్కో జట్టులో తాకిడికీ తాకిడికీ మధ్య సమానంగా 240 డిగ్రీల ఎడం. రెండు టర్బోలు పెట్టినప్పుడు కూడా సరిగ్గా ఇదే విభజన జరుగుతుంది. అంటే ప్యారలల్ ట్విన్ టర్బో వల్ల వచ్చిందనుకున్న చురుకులో మంచి భాగం పొగను విడదీయడం వల్ల వచ్చిందే. ఆ పని ఒక గోడతో అయిపోతే రెండో టర్బో ఎందుకు?

ఇక్కడ కొనేవాళ్ళు ఒక పొరపాటు పడుతున్నారు. బీఎండబ్ల్యూ ఈ ఒంటి టర్బో ఇంజన్ల మీద కూడా 'ట్విన్‌పవర్ టర్బో' అని రాస్తుంది. 2021 మార్చిలో మన దేశంలో దిగి, చెన్నైలో తయారవుతూ వచ్చిన ఎం340ఐ మీదా ఆ మాటే. 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు, సున్నా నుంచి వందకు 4.4 సెకన్లు. దాన్ని ట్విన్ టర్బో అనుకుని కొని, అలాగే చెప్పుకుని తిరిగేవాళ్ళను చూస్తుంటాను. బానెట్ కింద ఉన్నది ఒకటే. మెర్సిడెస్ ఇంకా ముందుకు వెళ్ళింది. ఏఎంజీ ఏ45 ఎస్‌లో 2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, ఒక్క ట్విన్ స్క్రోల్ టర్బో, 421 హార్స్‌పవర్. ఇరుసుకు రోలర్ బేరింగులు వేసి రాపిడి తగ్గించారు.

మరి అదే బీఎండబ్ల్యూ తన అసలు సిసలు ఎం3, ఎం4లకు ఎస్55, తర్వాత ఎస్58 ఇంజన్లలో మళ్ళీ రెండు టర్బోలే పెట్టింది కదా అని అడగాలి. అడిగారంటే విషయం పట్టుకున్నారన్నమాట. 500 హార్స్‌పవర్ దగ్గర, 7,000 ఆర్‌పీఎం దాకా రేస్ ట్రాక్ మీద గంటల తరబడి ఊదాలంటే ఆ ఒక్క టర్బో బాగా పెద్దదవ్వాలి, అప్పుడు పైన చూసిన 29 శాతంలో ఎంత మిగిలినా విలువైనదే. మనకు దగ్గర్లోని రేస్ ట్రాక్ చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉంది. అక్కడికి వెళ్ళి నడిపేవాళ్ళు ఈ పేరా మళ్ళీ చదువుకోవాలి. చేబ్రోలులో బ్రేకులు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళకు అవసరం లేదు.

మన షోరూముల్లో మాత్రం ఈ ప్రశ్నకు జవాబు పన్నుల శాఖే చెప్పేసింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉంటే పన్ను తక్కువ అన్న నియమం 2006 నుంచి ఏదో ఒక రూపంలో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40. అందుకే ఐ20 ఎన్ లైన్ నుంచి నెక్సాన్ దాకా ఒక లీటరు, 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బోలు వరసపెట్టి వచ్చాయి. మూడు సిలిండర్లలో పొగ తాకిడులు సహజంగానే 240 డిగ్రీల ఎడంలో ఉంటాయి, గోడ కూడా అక్కర్లేదు. ఒక టర్బోకు ఇంతకంటే అనువైన ఇంజన్ లేదు. ఇడ్లింగులో ఆ వణుకును భరించగలిగితే ఐ20 ఎన్ లైన్ 120 హార్స్‌పవర్ మన రోడ్డుకు సరదా పుట్టించడానికి చాలు.

అంకె కంటే టర్బో లోపలి నిర్మాణం ముఖ్యమని చెప్పడానికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్. ఇన్ని కంపెనీల బండ్లలో తిరిగింది కాబట్టి జాతీయ ఇంజన్ అని ముద్దు పేరు పడింది. స్విఫ్ట్‌లో మామూలు టర్బోతో 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్లు, 2,000 ఆర్‌పీఎం దగ్గర. ఎస్‌ఎక్స్4, ఎర్టిగా, సియాజ్‌లలో రెక్కల కోణం మారే వీజీటీ టర్బోతో 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు, 1,750 దగ్గరే. స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్ళకు 2,000 లోపు బండి ఎలా మొరాయిస్తుందో, దాటాక ఎలా దూకుతుందో ఒంటికి తెలుసు. అదే ఇంజన్ ఎస్‌ఎక్స్4లో మర్యాదగా ఉంటుంది. రెండిట్లోనూ టర్బో ఒక్కటే.

ఇప్పుడు ఎండ. మే నెలలో నలభై డిగ్రీల గాలిని బయటి ఒత్తిడికి రెట్టింపుగా ఒత్తితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికి వచ్చే గాలి సుమారు 138 డిగ్రీలు ఉంటుంది. అదే ఇరవై డిగ్రీల ఐరోపా గాలి అయితే 112. పైగా మన నలభై డిగ్రీల గాలి మొదటికే ఆరు శాతం పలచన, సముద్రం నుంచి వచ్చే తేమ దాన్ని ఇంకాస్త పలచన చేస్తుంది. ఇంటర్‌కూలర్ ఎంత మంచిదైనా గాలిని నలభై కంటే కిందికి దించలేదు. వేడి గాలితో పెట్రోలు ఇంజన్ నాకింగ్‌కు దిగుతుంది, కంప్యూటర్ వెంటనే స్పార్కును వెనక్కి జరిపి శక్తి కోస్తుంది. అందుకే విదేశీ పరీక్షల్లోని అంకెలు ఇక్కడ అలాగే రావు. పర్ఫార్మెన్స్ కోసం ఇక్కడ రూపాయి ఖర్చు పెట్టాలంటే అది రెండో టర్బో మీద కాకుండా పెద్ద ఇంటర్‌కూలర్ మీద పెట్టమంటాను. రెండు టర్బోలంటే బానెట్ కింద వేడి పుట్టే చోట్లు కూడా రెండు అన్న సంగతి సరేసరి.

దానికి తోడు దుమ్ము. కోతల రోజుల్లో రోడ్డు సగానికి ధాన్యం ఆరబోస్తారు. తూర్పారబట్టిన పొట్టు, గడ్డి నలుసులు ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఇరుక్కుని గాలి ఆడనివ్వవు. నాసిరకం ఎయిర్ ఫిల్టర్ వేసిన బండిలో సన్నటి ఇసుక లక్షకు పైగా ఆర్‌పీఎంలో తిరిగే కంప్రెసర్ అంచులను గీరేస్తుంది. 'ఎక్కువ గాలి' కోసమని అంగట్లో దొరికే ఓపెన్ ఫిల్టర్ బిగించుకునే కుర్రాళ్ళు ఈ సీజన్‌లో పాతది మళ్ళీ వేసుకోవడం మేలు.

లారీ వాళ్ళు ఈ పాఠాలన్నీ మనకంటే ముందే నేర్చుకున్నారు. టాటా, కమిన్స్ కలిసి 1993లో సంస్థ పెట్టి జంషెడ్‌పూర్‌లో చేసిన 5.9 లీటర్ల వరుస ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఒకటే టర్బో. లక్షల కిలోమీటర్ల మీద పైసా పైసా లెక్కవేసే వ్యాపారం అది. దూరం నడిచొచ్చిన లారీ డ్రైవరు ఇంజన్ వెంటనే కట్టెయ్యడు, ఒక నిమిషం ఇడ్లింగులో ఉంచుతాడు. వేడెక్కిన ఇరుసు దగ్గర ఆయిల్ నిలిచిపోతే మాడి బొగ్గవుతుందని తెలుసు. పెట్రోలు కార్లలో పొగ వేడి ఇంకా ఎక్కువ, 900 డిగ్రీలు దాటుతుంది. ఇప్పటి కార్లలో నీటి చల్లదనం ఉన్నా ఆ అలవాటు చెడ్డదేమీ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ టర్బో విప్పి కొత్త కిట్ వేసేవాళ్ళు దొరుకుతారు. జర్మన్ కారు ట్విన్ టర్బో అయితే రెండూ మార్చాలి, ఇంజన్ దించాల్సి వచ్చినా రావచ్చు.

ఈ వాదన మొత్తాన్నీ పక్కకు నెట్టేసే మార్పు ఇప్పుడే మొదలైంది. 2024లో పోర్షా 911 కరేరా జీటీఎస్‌లో రెండు టర్బోలను తీసేసి ఒకటే పెట్టింది. ఆ ఇంజన్ సిలిండర్లు రెండు వైపులకూ చీలి ఉంటాయి, నా సూత్రం ప్రకారం రెండు ఉండాల్సిన చోటు. అయినా ఒకటి సరిపోయిందంటే ఇరుసు మధ్యలో ఎలక్ట్రిక్ మోటారు ఉంది కాబట్టి. పొగ వచ్చేదాకా ఆగకుండా మోటారే చక్రాన్ని లేపుతుంది. పొగ ఎక్కువైనప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి 11 కిలోవాట్ల దాకా కరెంటు పుట్టిస్తుంది, ఆ పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ అవసరమే లేదు. ఈ ఆలోచన ఫార్ములా వన్‌లో 2014 నుంచి ఉంది. అక్కడ వీ-6 ఇంజన్‌కు ఒకే టర్బో ఉండాలని నిబంధనే పెట్టారు. విచిత్రమేమంటే, ఖర్చూ చిక్కూ ఎక్కువని 2026 నిబంధనల్లో ఆ మోటారును ఫార్ములా వన్ వదిలేసింది, రోడ్డు కార్లు పట్టుకున్నాయి.

చివరిగా, ఉన్న కారుకే టర్బో మార్చి, ఇంకోటి కలిపి, రీమ్యాప్ చేయించాలనుకునేవాళ్ళకు. కంపెనీ వాళ్ళు మన పెట్రోలు, మన ఎండ చూసి ఇంజన్‌లో కొంత జాగా వదులుతారు. రీమ్యాప్ ఆ జాగానే వాడుకుంటుంది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చింది గానీ అది కొన్ని నగరాలకే. ఆ పెట్రోలుకు తగ్గట్టు ట్యూన్ చేయించి, ఊళ్ళో బంకులో మామూలుది పోయించుకుంటే పిస్టన్లు పోతాయి. రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అలా మార్చిన కారు రేపు అప్పికట్ల దగ్గర దేనికైనా తగిలితే, బీమా సర్వేయరు బానెట్ ఎత్తి లెక్కపెట్టే మొదటి వస్తువు ఆ టర్బోలే.